ఆకార స్మృతి గల సహజ పాలిమర్లు

మడిచినా, నొక్కినా, వేడో తేమో తగలగానే మొదటి ఆకారానికి తిరిగి వచ్చే గుణాన్ని ఆకార స్మృతి అంటారు. ఆ గుణంతో పాటు శరీరంలో కరిగిపోయే గుణం కూడా ఉన్న పదార్థాన్ని చిన్న గాటులోంచి లోపలికి పంపవచ్చు. తర్వాత తీయడానికి మరో ఆపరేషన్ అక్కర్లేదు.

ఈ రెండు గుణాల్లో కరిగిపోవడం పాత సంగతే. గొర్రెలు, పశువుల పేగుల నుంచి చేసిన క్యాట్‌గట్ దారంతో వైద్యులు శతాబ్దాలుగా కుట్లు వేశారు. 1860ల చివర్లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ దాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుద్ధి చేసి వాడాడు. అది కొల్లాజెన్ అనే ప్రొటీన్ కాబట్టి ఒంట్లోని ఎంజైములే అరిగించేస్తాయి. ఆకార స్మృతికి పేరు తెచ్చింది మాత్రం లోహాలు, ముఖ్యంగా అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పుట్టిన నికెల్-టైటానియం మిశ్రమం నిటినాల్. కానీ రక్తనాళాలను తెరిచి ఉంచడానికి దానితో చేసిన స్టెంట్లు కరగవు.

ఈ రెండు గుణాలనూ కలిపిన ప్రయోగాల్లో ప్రసిద్ధమైనది 2002లో పరిశోధకులు ఆండ్రియాస్ లెండ్లైన్, రాబర్ట్ లాంగర్ ‘సైన్స్’ పత్రికలో ప్రచురించినది. సాగదీసిన దారానికి వదులుగా ముడి వేసి 40 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే, 20 సెకన్లలో ముడి తనంతట తానే బిగుసుకుంది. కీహోల్ సర్జరీలో చేతులు పట్టని చోట ముడి బిగించడం ఎంత కష్టమో ఎరిగినవారికి దీని విలువ తెలుస్తుంది. అయితే అది కృత్రిమ పాలిమర్.

సహజ పాలిమర్ల దారి వేరు. వాటిని ఎక్కువగా కదిలించేది నీరు. పొడిగా ఉన్నప్పుడు అణువుల మధ్య హైడ్రోజన్ బంధాలు నొక్కిన ఆకారాన్ని పట్టి ఉంచుతాయి. తడి తగలగానే అవి సడలుతాయి, అప్పుడు శాశ్వత బంధాలు పాత ఆకారాన్ని లాక్కొస్తాయి. 2007లో తైవాన్ పరిశోధకులు కైటోసాన్ ఆధారిత స్టెంట్‌ను ఈ పద్ధతిలోనే విప్పారేలా చేసి, కుందేలు బృహద్ధమనిలో పరీక్షించారు. కైటోసాన్ రొయ్యల పెంకుల నుంచి తీసే పదార్థం. రొయ్యల సాగులో దేశంలో ముందున్న ఆంధ్ర తీరంలో ఆ పెంకులకు కొదవ లేదు. 2012లో హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ బృందం సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌తో స్పాంజి చేసింది. నొక్కి సూదిలోంచి ఎక్కించినా అది లోపల మళ్లీ విచ్చుకుంది.

2014లో అమెరికా అనుమతించిన ఎక్స్‌స్టాట్ ఈ కుటుంబానికి దగ్గరి బంధువు. కైటోసాన్ పూసిన సెల్యులోజ్ బిళ్లలు సిరంజిలోంచి తుపాకీ గాయంలోకి వెళ్లి, రక్తాన్ని పీల్చి ఉబ్బి గాయాన్ని నింపుతాయి. కానీ కరగవు. అందుకే ఒక్కటీ మిగిలిపోకుండా వెతికి తీయడానికి ప్రతి బిళ్లలోనూ ఎక్స్‌రేలో కనిపించే గుర్తు పెట్టారు.

కరిగే సహజ పాలిమర్ల చిక్కు తడిలోనే ఉంది. ఆకారాన్ని తిరిగి తెచ్చే నీరే వాటిని మెత్తబరుస్తుంది. పైగా కైటోసాన్ ఎంత వేగంగా కరుగుతుందన్నది తయారీలో అసిటైల్ సమూహాలను ఎంత మేరకు తొలగించారన్నదాన్ని బట్టి మారుతుంది. అందువల్ల బరువు మోయాల్సిన చోట కృత్రిమ పాలిమర్లదే పైచేయి. రక్తం ఆపడం, కణజాలం పెరగడానికి ఆధారం ఇవ్వడం వంటి పనుల్లోనే సహజ పాలిమర్లు ఎక్కువగా రాణిస్తున్నాయి.