పోతపాల బొమ్మకార్డులు

నా దగ్గరున్న మొదటి కార్డు ఖరీదు నాలుగు డాలర్లు. మేం న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో ఓ ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్లాం. ఇత్తడి గిన్నెలేమైనా దొరుకుతాయేమోనని నా ఆశ. ఒక పెద్దావిడ బల్ల మీద చెప్పుల డబ్బాలో ఉన్నాయి ఇవి. అరచేతిలో పట్టేంత అట్టముక్క, దాని మీద బుగ్గలు బూరెల్లా ఉన్న పాపాయి. వెనక్కి తిప్పితే మెల్లిన్స్ ఫుడ్ అని, తల్లిపాలకి సాటైనది ఇదేనని సన్నటి అక్షరాల్లో ఉంది.

అప్పటికి మా పెద్దదానికి ఎనిమిది నెలలు. దానికి పోతపాలే. నాకు పాలు పడలేదు. "మా కాలంలో ఎవరికి పడలేదమ్మా?" అని అత్తగారు ఫోన్లో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఎందుకో ఆ పాపాయిని అక్కడ వదిలి రాలేకపోయాను.

వీటిని ట్రేడ్ కార్డులంటారు. 1870ల నుంచి 1890ల దాకా అమెరికాలో వీటిదే రాజ్యం. రాతి పలకల మీద ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు వేసే క్రోమోలిథోగ్రఫీ అప్పటికి చవకైంది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతవార్షిక ప్రదర్శనలో కంపెనీలు వీటిని తెగ పంచాయి. ఆ తర్వాత సబ్బులకీ, దారపుండలకీ, కుట్టుమిషన్లకీ, మందులకీ అన్నిటికీ కార్డులే. కొట్టువాడు సరుకుతో పాటు ఒకటి చేతిలో పెట్టేవాడు. రంగుల బొమ్మ ఇంట్లో అపురూపమైన కాలం కదా, ఆడవాళ్లూ పిల్లలూ వాటిని పుస్తకాల్లో అంటించి దాచుకునేవాళ్లు. మనం అగ్గిపెట్టె బొమ్మలూ, శుభలేఖల మీది వినాయకుళ్లూ దాచుకోలేదూ, అలాగే.

అందుకే వీటి వెనక తరచు గోధుమరంగు జిగురు మరకలుంటాయి. పుస్తకంలోంచి ఊడదీసినప్పుడు పై పొర చిరిగిపోతుంది. సేకరించేవాళ్లు దాన్ని లోపం కింద లెక్కేసి ధర తగ్గిస్తారు. నాకు ఆ మరకంటే ఇష్టమే కానీ, వెనక రాసింది పోయిందే అని బాధ. అసలు సంగతంతా వెనకే ఉంటుంది. ఇంకో కిటుకు కూడా నేర్చుకున్నాను: భూతద్దం పెట్టి చూస్తే పాత అచ్చులో రంగు చుక్కలు చెదురుమదురుగా ఉంటాయి, ఈ కాలపు నకలులో వరసగా, ముగ్గు చుక్కల్లా ఉంటాయి. ఇది తెలియక ముందు రెండుసార్లు మోసపోయాను.

ఈ పిండిడబ్బాలు ఎందుకు పుట్టాయో తెలిశాక ఆ తల్లుల మీద జాలేసింది. అప్పటి ఊళ్లలో పశువుల పాలు నమ్మకూడనివి. న్యూయార్క్‌లో సారాబట్టీల పక్కనే పాకలు వేసి, బట్టీ పిప్పి మేపిన రోగిష్టి ఆవుల పాలు అమ్మేవాళ్లు. 1858లో ఫ్రాంక్ లెస్లీ పత్రిక బొమ్మలతో సహా అది బయటపెట్టింది. తల్లికి పాలు లేకపోతే బిడ్డకి ఆ పాలే గతి.

1860లలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ గోధుమ పిండి, మాల్టు పిండి, కాస్త పొటాషియం బైకార్బనేట్ ఆవుపాలలో కలిపి ఒక ఆహారం తయారుచేశాడు. మాల్టంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. మన ఇళ్లల్లో రాగులు మొలకకట్టి పిండి ఆడించడం చూసినవాళ్లకి ఇందులో కొత్తేం కనిపించదు! మెల్లిన్స్ ఆ దారిలో వచ్చిందే. 1867లో స్విట్జర్లాండ్‌లో హెన్రీ నెస్లే పాలు, గోధుమ పిండి, చక్కెర కలిపిన పొడి తెచ్చాడు. దానికి నీళ్లు చాలు. ఆయన ఇంటిపేరుకి చిన్న గూడు అని అర్థమట, అందుకే గూట్లో పిల్లలకి మేత పెట్టే పక్షి గుర్తు. ఇంగ్లండ్ నుంచి వెళ్లిన హార్లిక్ అన్నదమ్ములు విస్కాన్సిన్‌లోని రసీన్‌లో మాల్టెడ్ మిల్క్ చేసి 1883లో పేటెంట్ తీసుకున్నారు. అదీ మొదట పసిపిల్లలకీ, రోగులకీనే. ధవళేశ్వరం ఫ్యాక్టరీ హార్లిక్స్‌తో పెరిగిన మనకి అది పరీక్షల ముందు తాగే పానీయం, అంతే.

కార్డుల వెనక ఏముంటుందంటే ముందు భయం, తర్వాత అభయం. వేసవి విరేచనాలు, చిక్కిపోయిన బిడ్డ, నిద్రలేని తల్లి. కింద మా డబ్బా. వెర్మాంట్‌లోని వెల్స్ రిచర్డ్‌సన్ కంపెనీ లాక్టేటెడ్ ఫుడ్ అని అమ్మేది. అదే కంపెనీ బట్టలకేసే డైమండ్ రంగులూ అమ్మేది! బొమ్మల్లో మాత్రం ఒక్క బక్కపిల్ల కనిపించదు.

కార్డుల మీద లేని సంగతి వేరే ఉంది. 1883లో లండన్‌లో బార్లో అనే డాక్టరు పసిపిల్లల్లో స్కర్వీ గురించి రాశాడు. చిగుళ్లు వాచి నెత్తురు కారడం, కాళ్లు ముట్టుకుంటే బిడ్డ కెవ్వుమనడం. 1898లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం 379 కేసులు కూడబెట్టి చూస్తే, చాలామంది కంపెనీల డబ్బా ఆహారం మీద పెరుగుతున్నవాళ్లే. విటమిన్ అన్న మాటే ఇంకా పుట్టలేదు. కాస్త నారింజ రసం పోస్తే బిడ్డ తేరుకునేది. ఆ డబ్బాలు కొనగలిగింది కలిగినవాళ్లే కాబట్టి, ఈ జబ్బూ వాళ్ల ఇళ్లలోనే ఎక్కువ. బిడ్డకి మంచిదనే కదా కొన్నారు. ఇది చదివిన రాత్రి మా పెద్దది నిద్రపోతుంటే చిగుళ్లు చూశాను. అప్పటికి దానికి ఆరేళ్లు, రోజూ కమలాపండు తినే పిల్ల!

ఇప్పుడు మన దేశంలో ఇలాంటి కార్డు వేస్తే నేరం. 1992లో వచ్చిన చట్టం ప్రకారం పోతపాల పొడికి, సీసాలకి ప్రకటన ఇవ్వకూడదు, డబ్బా మీద బిడ్డ బొమ్మగానీ తల్లి బొమ్మగానీ ఉండకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని రాయాలి. 2003లో దాన్ని ఇంకా బిగించారు. నేను మన షాపులో డబ్బా తీసుకున్నప్పుడల్లా ఆ వాక్యం చదివి తలొంచుకునేదాన్ని, చట్టం మంచిదేనని తెలిసీ.

పోయినేడు అత్తగారు మా దగ్గరికొచ్చినప్పుడు ఈ కార్డులు మంచం మీద పరిచాను. ఒక్కొక్కటీ తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. "మీ ఆయనకీ నాకు పాలు చాల్లేదు. మా అత్తకి తెలీకుండా పాలేరు చేత ఆవుపాలు తెప్పించి, నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పట్టేదాన్ని" అన్నారు. మరి ఆ రోజు ఫోన్లో అలా ఎందుకన్నారని అడగలేదు. ఆవిడే మెల్లిన్స్ కార్డు వెనక్కి తిప్పి, "ఇక్కడేం రాశారో చదివి చెప్పమ్మా" అన్నారు.