ఎరువిచ్చిన గుఱ్ఱం

‘ఎరువు’ అనగానే నేటి పిల్లలకు పొలంలో చల్లేదే స్ఫురిస్తుంది. ఆ మాటకు మరొక అర్థం ఉంది. వాడుకొని తిరిగి ఇచ్చే ఒడంబడిక మీద తెచ్చుకొన్న వస్తువు కూడా ఎరువే. అప్పు వేరు, చేబదులు వేరు, ఎరువు వేరు. చేబదులు తెచ్చిన నూరు రూపాయల నోటు ఖర్చయిపోయినా చింత లేదు, తీర్చేనాడు మరొక నోటు ఇస్తే చాలు. ఎరువు తెచ్చిన నగ అలా కాదు, ఆ నగే తిరిగి రావాలి. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత ఈ అర్థంలో పుట్టినదే.

నగను పెట్టెలో పెట్టి తాళం వేస్తే ఆరు నెలల తరువాత కూడా అలాగే ఉంటుంది. గుఱ్ఱం సంగతి వేరు. అది తింటుంది, జబ్బుపడుతుంది, కుంటుతుంది, ముసలిదవుతుంది. పరాయి చేతిలో ఏడాది ఉండి వచ్చిన గుఱ్ఱం అదే గుఱ్ఱమైనా అలాంటి గుఱ్ఱం కాదు. చచ్చిపోతే అసలే రాదు. అప్పుడు నష్టం ఎవరిది? మన శాస్త్రకారులూ, రాజులూ, సేనాపతులూ రెండువేల యేళ్ళుగా ఈ ప్రశ్నకు తలా ఒక జవాబు చెప్పారు. ఆ జవాబును బట్టే గుఱ్ఱానికి దాణా దొరికిందని నాకు తోస్తున్నది. మిత్రులు చదివి చూడండి.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు. రాజు శాలలో ఉన్న ప్రతి గుఱ్ఱాన్నీ లెక్క రాయడం అతని మొదటి పని. గుఱ్ఱం ఎలా వచ్చిందో ముందు తేల్చాలి: కొన్నదా, యుద్ధంలో పట్టినదా, శాలలోనే పుట్టినదా, సాయానికి ప్రతిగా వచ్చినదా అని. ఆ వరుసలో చివరి రెండూ మనకు కావలసినవి. ‘పణస్థితం’ అంటే తాకట్టుగా ఉన్నది. ‘యావత్కాలికం’ అంటే కొంతకాలానికి మాత్రమే మన దగ్గర ఉన్నది, అనగా మన ఎరువు గుఱ్ఱమే. దానికీ సొంత గుఱ్ఱంతో సమానంగా కులం, వయస్సు, రంగు, గుర్తులు, తరగతి, వచ్చిన చోటు అన్నీ రాసిపెట్టమన్నాడు. తిరిగి ఇచ్చేనాడు తగవు రాకూడదంటే తెచ్చుకొన్ననాడే రాయాలి.

గుర్తులలో సుడులు ముఖ్యం. మన అశ్వశాస్త్రాలు సుడులను శుభాశుభాలకు చూశాయి. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’ ఆ సంప్రదాయంలోనిదే. ఫలితాల మాట నాకు నమ్మకం లేదు గానీ, సుడి గుఱ్ఱాన్ని పోల్చుకోవడానికి పుట్టుకతో వచ్చిన వేలిముద్ర వంటిది. నేటికీ పాశ్చాత్య దేశాలలో గుఱ్ఱానికిచ్చే పాస్‌పోర్టులో సుడులు ఎక్కడెక్కడున్నాయో బొమ్మ మీద గుర్తుపెడతారు. ఇంగ్లండులో 2020 అక్టోబరు నుండి ప్రతి గుఱ్ఱానికీ చర్మం కింద మైక్రోచిప్పు తప్పనిసరి చేసినా సుడుల బొమ్మ మాత్రం పోలేదు.

ఇక నష్టం మాట. ఎరువు తెచ్చిన వస్తువును (ఆయన మాటలో ‘యాచితకం’) ఎలా తీసుకొన్నారో అలాగే అప్పగించాలి, దైవవశాన వచ్చిపడిన ఆపదలో పోతే మాత్రం బాధ్యత లేదు అంటాడు కౌటిల్యుడు. యాజ్ఞవల్క్యుడు దాదాపు ఇదే చెబుతూ రాజు, దైవం, దొంగ అని మూడు మినహాయింపులు లెక్కపెట్టాడు. వాటిలో రాజు మొదట ఉండడం గమనించదగ్గది! అయితే కౌటిల్యుడు అంతటితో వదలలేదు. రాజు శాలలో వైద్యం అశ్రద్ధ చేసినందువల్ల జబ్బు ముదిరితే చికిత్సకైన ఖర్చుకు రెట్టింపు జరిమానా వేశాడు. ఆ తప్పు వల్ల ప్రాణానికే వస్తే జంతువు ఖరీదు మొత్తం కట్టమన్నాడు. అంటే గుఱ్ఱం చచ్చిందా అని మాత్రమే కాక, ఎందుకు చచ్చిందని కూడా అడిగాడు.

ఈ రెండో ప్రశ్న తరువాతి కాలంలో వెనుకబడింది. విజయనగరమే అందుకు సాక్ష్యం. అచ్యుతదేవరాయల కాలంలో, 1535 ప్రాంతాన, అక్కడున్న పోర్చుగీసువాడు నూనిజ్ రాసిన వృత్తాంతాన్ని రాబర్ట్ సీవెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చువేశాడు. రాయలు తన రౌతులకు గుఱ్ఱాలిచ్చేవాడు. వాటన్నిటి మీదా రాజముద్ర ఉండేది. గుఱ్ఱం చస్తే రౌతు ఆ ముద్ర ఉన్న తోలుముక్క కోసి తెచ్చి అశ్వాధికారికి చూపాలి. చూపితే మరొక గుఱ్ఱం ఇస్తారు.

ఎంత తేలికైన లెక్క! మంచి గుఱ్ఱాన్ని అమ్ముకొని ‘చచ్చింది’ అని చెప్పడానికి వీల్లేదు, బతికున్న గుఱ్ఱం తోలు రాదు కదా. కానీ తోలుముక్క చావును మాత్రమే చెబుతుంది. బాణం తగిలి చచ్చిందో, ఉలవలు అమ్ముకొన్న రౌతు చేతిలో డొక్కలెండి చచ్చిందో ముద్ర చెప్పదు. రాయలకు ఈ సంగతి తెలియదనుకోను. నూనిజే మరొక మాట రాశాడు: అలా ఇచ్చేవి చాలావరకు వేయి వరహాలకు పన్నెండో పదిహేనో వచ్చే దేశవాళీ గుఱ్ఱాలట. సాళువ నరసింహరాయలు ఓర్ముజు గుఱ్ఱాలను మూడింటికి వేయి చొప్పున కొన్నాడని, దారిలో సముద్రం మీద చచ్చినవాటికి తోక తెచ్చి చూపినా అదే ధర ఇచ్చాడని కూడా ఆయనే చెప్పాడు. కాలాలు వేరైనా ధరలు పోల్చి చూడండి. పరాయి చేతికిచ్చే గుఱ్ఱం ధర మేలుజాతి గుఱ్ఱం ధరలో నాలుగో వంతుకు మించలేదు. పోయినా ఫరవాలేదనుకొన్నదే ఇచ్చారన్నమాట.

మొగలాయీలలోనూ ముద్ర ఉంది, దానిని ‘దాగ్’ అన్నారు. ఢిల్లీలో అల్లాఉద్దీన్ ఖిల్జీ వేయించిన దాగును తరువాత షేర్‌షా, అక్బరు మళ్ళీ అమలుచేశారు. స్వారీ వచ్చి గుఱ్ఱం కొనే తాహతు లేనివాడికి పాదుషా శాల నుండి గుఱ్ఱమిచ్చే ఏర్పాటును అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో వర్ణించాడు. అలాంటి రౌతు ‘బార్గీరు’. సొంత గుఱ్ఱంతో వచ్చి కొలువు చేసేవాడు ‘సిలాదారు’. ఈ రెండు మాటలూ మరాఠాల వెంట, నిజాం వెంట దక్కనంతా తిరిగాయి. శివాజీ సైన్యంలో సర్కారు గుఱ్ఱాలెక్కిన బార్గీర్లదే పెద్దపీట, సిలాదార్లను వారి తరువాతే లెక్కించేవారు.

బార్గీరుకు గుఱ్ఱం పోతే పోయేది యజమాని సొమ్ము, కాబట్టి యుద్ధంలో దూకేవాడు, మేపడంలో అశ్రద్ధ చేసేవాడు. సిలాదారు గుఱ్ఱాన్ని బిడ్డలా సాకేవాడు. కానీ అది చస్తే జీవనోపాధే పోతుంది కనుక కత్తులు కలిసే చోటికి పోవడానికి వెనుకాడేవాడు. మొగలు సైన్యపు బలహీనతలలో ఇదొకటని విలియం ఇర్విన్ రాశాడు. ఒకడికి గుఱ్ఱం లోకువ, మరొకడికి యుద్ధం భయం. ఇద్దరూ చెడ్డవారు కారు, నష్టం ఎవరి మెడకు చుట్టుకొంటుందో దాన్ని బట్టి వారి నడవడి.

దీనికి సరైన మందు అశ్వికదళాలలోని ‘చందా’ నిధి అని నా అభిప్రాయం. బొల్లారం కేంద్రంగా ఉండిన హైదరాబాదు కాంటింజెంటు వంటి సిలాదారీ దళాలు నడిచిన పద్ధతి ఇది. రౌతులంతా జీతంలోంచి నెలనెలా కొంత జమచేస్తారు, గుఱ్ఱం పోయినవాడికి దానిలోంచి సాయం అందుతుంది. నష్టాన్ని పదిమందికీ పంచడమే. శాంతికాలంలో ఇది చక్కగా నడిచింది. 1914 మహాయుద్ధంలో సముద్రాలు దాటి, గుఱ్ఱాలు గుంపులుగా కూలేసరికి ఏ చందా చాలలేదు. 1921 పునర్వ్యవస్థీకరణతో సిలాదారీ ముగిసింది.

అంతకు ముందే, 1872లో వచ్చిన భారత ఒప్పందాల చట్టం ఈ తగవులను తిరిగి శాస్త్రకారుల దారిలోకి తెచ్చింది. దాని ఉదాహరణలు కథల్లా ఉంటాయి. పొగరుబోతు గుఱ్ఱమని తెలిసీ చెప్పకుండా ఎరువిచ్చావు, అది పరుగుతీసి పుచ్చుకొన్నవాడిని పడవేసింది, దెబ్బకు బాధ్యత నీదే. నీ స్వారీకే అని తెచ్చుకొని ఇంట్లో మరొకరికి ఎక్కనిచ్చావు, అతడు జాగ్రత్తగానే తోలాడు, అయినా గుఱ్ఱం జారిపడి దెబ్బతగిలింది, పరిహారం నీదే. కాశీకని బాడుగకు తీసుకొని కటకానికి తోలినవాడికీ అదే గతి. తన సొమ్మును తెలివైనవాడు ఎలా చూసుకొంటాడో అంత జాగ్రత్త పుచ్చుకొన్నవాడు చూపాలి అన్నది మూలసూత్రం. కౌటిల్యుడు అడిగిన ‘ఎందుకు చచ్చింది’ అన్న ప్రశ్న ఇందులో మళ్ళీ వినబడుతుంది.

ఒక్కచోట మాత్రం పాతవారికీ ఈ చట్టానికీ పడలేదు. పనికోసమో గడువుకోసమో ఇచ్చినదాన్ని పని సగంలో ఉండగా అడిగితే ఇవ్వనక్కరలేదు, యజమాని పని చెడేటట్లుంటే మాత్రం ఇవ్వాలి అన్నాడు కాత్యాయనుడు. చట్టమేమో ఉచితంగా ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి అడగవచ్చునంటూ, అందువల్ల పుచ్చుకొన్నవాడికి పొందిన లాభాన్ని మించి నష్టం వస్తే ఆ తేడా కట్టమంటుంది. పెళ్ళికొడుకు ఊరేగింపు నడివీధిలో ఉండగా గుఱ్ఱంవాడు వచ్చి కళ్ళెం పట్టుకొంటే ఎవరి మాట చెల్లాలి? నా మొగ్గు కాత్యాయనుడి వైపే. న్యాయశాస్త్రం చదివిన మిత్రులు వేరేగా అనవచ్చు. ‘ఎరువు’ మాట ఈ అర్థంలో మీ ఊళ్ళలో ఇంకా వినబడుతుంటే, ఏ వస్తువు గురించి వాడుతున్నారో కూడా తెలుపగోరుతాను.