నియమాలతో ఫైళ్ళ వెతుకులాట

కంప్యూటరులోని ఫైళ్ళలో కావలసినవాటిని పేరు, రకం, పరిమాణం, మార్చిన తేదీ, లోపలున్న మాటలు వంటి షరతులు పెట్టి వెలికితీసే పద్ధతి ఇది. ఒక్క షరతుతో పని జరగకపోతే రెండు మూడింటిని ‘ఇదీ అదీ’, ‘ఇదో అదో’, ‘ఇది కాకుండా’ అంటూ కలిపి రాస్తారు. అలా కలిపిన వాక్యమే నియమం. 1970లలో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద రూపు దిద్దుకున్న ఈ పద్ధతి ఇవాళ ప్రతి కంప్యూటర్లోనూ ఏదో ఒక వేషంలో ఉంది.

దీని చరిత్రను సాధారణంగా నియమాలు రాసే పనిముట్ల చరిత్రగానే చెబుతారు. తెలుగులో పనిచేసేవారికి అది సగమే. వెతికే మాట, ఫైల్లో దాగిన మాట ఒకే రూపంలో ఉంటేనే ఎంత చక్కని నియమమైనా పనిచేస్తుంది. ఈ రెండో సగం ఇంగ్లీషుకు 1963 నాటి ఆస్కీ ప్రమాణంతోనే చాలావరకు తేలిపోయింది, తెలుగుకు ఇంకా తేలుతూనే ఉంది. నూజివీడు మామిడి సీమలోని మైలవరం పేరు ఒక్కటి తీసుకున్నా ఈ చిక్కుల్లో చాలావాటిని చూడొచ్చు కనుక ఇక్కడి ఉదాహరణలన్నీ ఆ ఊరివే.

కాగితాల కాలం

షరతులు పెట్టి వెతకడం కంప్యూటర్ల కంటే పాతది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ కార్యాలయాలు సూచికలు రాయాలి. రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లు ఇండెక్సు-1లో, ఆస్తి వివరాలు ఇండెక్సు-2లో ఉంటాయి. పొలం కొనబోయేవారు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అడిగితే ఇండెక్సు పుస్తకాలు తిరగేసి, ఆ సర్వే నంబరు మీద జరిగిన లావాదేవీలు రాసిచ్చేవారు. ఊరు, సర్వే నంబరు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా అన్నవే షరతులు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘కార్డ్’ ప్రాజెక్టు ఈ పనిని కంప్యూటర్లకెక్కించింది. అయితే అది డేటాబేసు, ప్రతి వివరానికీ అందులో ముందే గడి గీసి ఉంటుంది. సొంత కంప్యూటర్లో గడులుండవు, ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకున్న ఫైళ్ళుంటాయి. వాటిని వెతికే విద్య వేరే దారిన ఎదిగింది.

ఫైండ్, గ్రెప్, లొకేట్

అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వారి యూనిక్స్ ఐదో కూర్పు 1974లో వచ్చింది. ఇప్పటికీ వాడుకలో ఉన్న ‘ఫైండ్’ ఆ కాలానిదే, రాసినవారు డిక్ హైట్. ఫోల్డర్ల చెట్టును మొదలు నుంచి కొమ్మకొమ్మకూ ఎక్కి, ఎదురైన ప్రతి ఫైలునూ షరతులకు సరిచూడడం దాని పని. పేరు ఫలానాలా ఉండాలి, పరిమాణం ఇంతకు మించాలి, వారంలోగా మార్చినదై ఉండాలి, ఫలానా యజమానిది కాకూడదు అంటూ ఎన్ని షరతులైనా కుండలీకరణాలతో అల్లవచ్చు. దొరికినవాటిని ఏం చేయాలో కూడా ఆ ఆదేశంలోనే చెప్పవచ్చు. యాభై ఏళ్ళ తరవాత కూడా దీనికి మించిన నియమ భాష సామాన్యుల చేతికి రాలేదన్నది ఒప్పుకోవలసిన మాట.

ఫైండ్ ఫైళ్ళ పేర్లను, వివరాలను చూస్తే, లోపలి రాతను చూసేది గ్రెప్. 1973లో కెన్ థాంప్సన్ దీన్ని తయారు చేశాడు. ఆయన సహోద్యోగి లీ మెక్‌మాన్ ‘ఫెడరలిస్ట్ పేపర్స్’ వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో మాటల వాడుకను బట్టి తేల్చాలనుకున్నాడు. అప్పటి ‘ఎడ్’ ఎడిటరులో అంత పెద్ద పాఠం పట్టలేదు. థాంప్సన్ ఎడిటరులోని వెతికే భాగాన్ని విడదీసి సొంతంగా నడిచే ఆదేశంగా మార్చి ఇచ్చాడు. గ్రెప్ అర్థం చేసుకునే నియమాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అంటారు. వాటికి గణిత రూపం 1951లో స్టీఫెన్ క్లీనీ ఇచ్చాడు. వాటితో కంప్యూటరులో వేగంగా వెతకడం ఎలాగో 1968లో థాంప్సనే ఒక వ్యాసంలో చూపాడు.

డిస్కులు పెద్దవవుతున్నకొద్దీ చెట్టంతా ఎక్కి దిగడం భారమైంది. 1983లో జేమ్స్ వుడ్స్ వేరే ఉపాయం చెప్పాడు. ఫైళ్ళ పేర్లన్నీ ముందే ఒక జాబితాగా కుదించి పెట్టుకుని, అడిగినప్పుడు ఆ జాబితాలో చూస్తే చాలు. అదే ‘లొకేట్’. రాత్రి తయారైన జాబితాలో పొద్దున పుట్టిన ఫైలు ఉండదన్నదే దీని లోపం. అడిగినప్పుడు వెతకడమా, ముందే సూచిక రాసిపెట్టుకోవడమా అన్న ఈ రెండు దారులే నేటికీ సాగుతున్నాయి.

బల్ల మీది కంప్యూటర్లలో

1981 నాటి ఎమ్మెస్ డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, చుక్క తరవాత మూడు. * గుర్తు ఎన్ని అక్షరాలకైనా, ? గుర్తు ఒక్క అక్షరానికీ బదులు నిలిచేవి. 1995లో విండోస్ 95 పొడవైన పేర్లతోపాటు స్టార్ట్ మెనూలో ‘ఫైండ్’ కూడా తెచ్చింది. అందులో పేరు, చోటు ఒక ట్యాబులో, తేదీ మరొక దానిలో, రకం, పరిమాణం, లోపలి మాట ఇంకొక దానిలో ఉండేవి. ఆ గడులు నింపితే ఆదేశాలు రాయడం రాకపోయినా నియమం తయారయ్యేది, దాన్ని దాచుకునే వీలూ ఉండేది. తరవాతి విండోస్‌లలో ఈ గడులు ఒకటొకటిగా మాయమై ఒకే ఒక్క పెట్టె మిగిలింది. షరతులు ఆ పెట్టెలోనే రాయవచ్చని చాలామందికి తెలియకపోవడానికి కారణం ఆ మార్పే.

1991లో ఎంఐటీలో డేవిడ్ గిఫర్డ్ బృందం అసలు ఫోల్డరే ఒక ప్రశ్న కావచ్చని ప్రతిపాదించింది. ఆ ఫోల్డరు తెరిస్తే నియమానికి సరిపోయే ఫైళ్ళు అప్పటికప్పుడు కనిపిస్తాయి. 1997 ప్రాంతంలో డొమినిక్ జాంపావ్లో, సిరిల్ మ్యూరియో బీఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం రాసిన ఫైలు వ్యవస్థ దీన్ని నిజం చేసింది. జాంపావ్లో తరవాత ఆపిల్‌లో చేరి, స్పాట్‌లైట్ అనే వెతుకులాట సదుపాయం మీద పనిచేశాడు. 2005 ఏప్రిల్‌లో మ్యాక్ టైగర్‌తోపాటు స్పాట్‌లైట్, దాని ‘స్మార్ట్ ఫోల్డర్లు’ వచ్చాయి. మైక్రోసాఫ్ట్ 2003లో ఇంతకంటే పెద్దదైన నిల్వ వ్యవస్థ విన్‌ఎఫ్‌ఎస్‌ను ప్రకటించి 2006లో విరమించుకుంది. 2004లో వచ్చిన వెతుకులాట పనిముట్టు గూగుల్ డెస్క్‌టాప్ 2011లో ఆగిపోయింది. విండోస్‌లో ఇప్పుడు ఎక్కువమంది మెచ్చుకునేది డేవిడ్ కార్పెంటర్ రాసిన ‘ఎవ్రీథింగ్’. డిస్కు తన కోసం తాను రాసుకునే ఫైళ్ళ పట్టికను నేరుగా చదివేస్తుంది కాబట్టి లక్షల పేర్లైనా టైపు చేస్తుండగానే వడబోసి చూపుతుంది.

తెలుగు అక్షరాల దారి

తెలుగు డీటీపీ 1990లలో అనూ, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద నడిచింది. వాటిలో అక్షరాన్ని తలకట్టు, కొమ్ము, వత్తు అంటూ ముక్కలు చేసి, ఆ ముక్కలను రోమన్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చోబెట్టారు. కంటికి ‘మామిడి’ కనిపిస్తున్నా ఫైల్లో ఉన్నది అర్థంలేని రోమన్ గుర్తుల వరస. ఆ వరస కంపెనీకో రకం. పైగా పనంతా పేజ్‌మేకరులో జరిగేది, దాని ఫైళ్ళ లోపలికి మామూలు వెతుకులాట చేరేది కాదు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, పత్రికలు, పుస్తకాలు వేలకొద్దీ ఇలా తయారయ్యాయి. వాటిని వెతకాలంటే ఫైలుకు ఇంగ్లీషులో పెట్టిన పేరు, తేదీ తప్ప మరో ఆధారం ఉండేది కాదు. తెలుగు అచ్చుపనికి ఆ ఫాంట్లు చేసిన మేలు పెద్దదే, వెతుకులాటకు చేసిన నష్టమూ అంతే పెద్దది.

ప్రమాణాలు అప్పటికే లేకపోలేదు. భారతీయ లిపులకు ఇస్కీ సంకేతాలు 1991లో భారతీయ ప్రమాణమయ్యాయి. అదే ఏడు అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 1992 సెప్టెంబరులో గ్రెప్ రాసిన కెన్ థాంప్సనే రాబ్ పైక్‌తో కలిసి యూటీఎఫ్-8ను రూపొందించాడు. తెలుగు ఫైళ్ళు నేడు ఎక్కువగా ఆ రూపంలోనే నిల్వ అవుతున్నాయి. కానీ సామాన్యుడి కంప్యూటరుకు యూనికోడ్ తెలుగు 2001లో విండోస్ ఎక్స్‌పీ, దానితో వచ్చిన గౌతమి ఫాంటుతోనే చేరింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన ఫాంటు, 2006లో వీవెన్ తెచ్చిన టైపింగ్ పనిముట్టు లేఖిని దాన్ని చేతివాడుకలోకి తెచ్చాయి. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను నాగార్జున వెన్న రాశారు.

యూనికోడ్ వచ్చాకా కొన్ని చిక్కులు మిగిలాయి. మొదటిది మైలవరం పేరులోనే ఉంది. తెలుగు గుణింత గుర్తుల్లో ఐత్వానికి ఒక ప్రత్యేకత ఉంది. దాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింద చేరే ఐత్వపు గుర్తూ అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. యూనికోడ్ తెలుగు పట్టికలో ఇలా విడిపోయేది ఇదొక్కటే. చూపుకు తేడా ఏమీ ఉండదు. కాబట్టి ‘మైలవరం’ ఒక చోట ఆరు సంకేతాలు, మరొక చోట ఏడు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు ఒకటి, ఇరవై ఒకటి మరొకటి. ఆపిల్ వారి పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అక్కడ జిప్ చేసి పంపిన ఫైలును లినక్స్‌లో విప్పి ఫైండ్‌తో ‘మైలవరం’ అని వెతికితే, ఫైలు కళ్ళెదుటే ఉన్నా లేదంటుంది. 2017లో వచ్చిన ఆపిల్ కొత్త ఫైలు వ్యవస్థ ఏపీఎఫ్‌ఎస్ రెండు రూపాలనూ ఒకటిగానే చూస్తుంది. లినక్స్‌లో మాత్రం వెతికేవారే రెండు రూపాలనూ ‘లేదా’తో కలపాలి, లేకపోతే పేర్లను ముందే ఒక రూపానికి తేవాలి.

కంటికి కనిపించని సంకేతం మరొకటి ఉంది. ‘సబ్‌రిజిస్ట్రార్’ అన్న మాటలో బకారం కింద రావత్తు చేరకుండా మధ్యలో పొడి అక్షరపు గుర్తు ఒకటి పెడతారు. అది లేకుండా టైపు చేస్తే ‘సబ్రిజిస్ట్రార్’ అవుతుంది. ఒకటి వెతికితే రెండోది దొరకదు.

సంధులూ బహువచనాలూ ఇంకో సంగతి. ‘మామిడి’ అని వెతికితే ‘మామిడాకులు’ తప్పిపోతాయి, ‘మామిడ’ దగ్గర ఆపితే రెండూ వస్తాయి. ‘రసం’ వెతికితే ‘రసాలు’ రావు. సరే, ‘రస’ అని కుదిద్దామంటే చిన్న రసాల లెక్కలతోపాటు ‘వారసత్వ ధ్రువపత్రం’ కూడా వచ్చి పడుతుంది, ఆ మాట నడుమన ‘రస’ ఉంది మరి. మాట మొదట్లో ఉంటేనే తెమ్మనడానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో సరిహద్దు గుర్తు ఉంది. కానీ పైథాన్ భాషలో వీటికున్న ప్రామాణిక మాడ్యూలు గుణింత గుర్తులను మాటలో భాగంగా లెక్కించదు. ‘వా’లోని దీర్ఘం దగ్గరే మాట ముగిసిందనుకుని, తరవాతి ‘రస’ను కొత్త మాటగా తీసుకుని, వారసత్వాన్నే తిరిగి తెచ్చిపెడుతుంది. గుణింత గుర్తులు మాటలో భాగమేనని యూనికోడ్ మార్గదర్శకాలు చెబుతున్నాయి, పెర్ల్ వాటిని పాటిస్తుంది. ఒక అక్షరం అంటే ఎంత అన్న లెక్క కూడా ఆలస్యంగానే కుదిరింది. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ‘క్ష’ వంటి సంయుక్తాక్షరం ఆ లెక్కలో రెండు ముక్కలుగానే ఉండేది.

మైలవరం కాగితాలకు ఒక నియమం

తోట కాగితాలు కంప్యూటర్లో దాచుకున్న రైతు కుటుంబం ఎలా వెతకాలో చూద్దాం. ఊరి పేరుతో మొదలుపెడితే వైఎస్సార్ కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గర పెన్న మీద జలాశయం ఉన్న మరో మైలవరం ఎదురవుతుంది. కాబట్టి ‘జమ్మలమడుగు కాకుండా’ అన్న షరతు కావాలి. జిల్లా పేరు పెడితే, జిల్లాల పునర్విభజన జరిగిన 2022 ఏప్రిల్ 4కు ముందరి కాగితాల మీద కృష్ణా అనీ, తరవాతి వాటి మీద ఎన్టీఆర్ అనీ ఉంటుంది కాబట్టి రెండింటినీ ‘లేదా’తో కలపాలి. నూజివీడు అదే రోజు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది, అటువైపు పొలం కూడా ఉన్నవారు మూడో పేరూ చేర్చుకోవాలి. ఇంగ్లీషులో ఊరి పేరును వై అక్షరంతో రాసేవారూ, ఏ-ఐతో రాసేవారూ ఉన్నారు.

సర్వే నంబర్లలో సబ్‌డివిజన్‌ను ఏటవాలు గీతతో 112/2 అని రాస్తారు. ఫైలు పేరులో ఆ గీతను విండోస్ ఒప్పుకోదు, లినక్స్ కూడా ఒప్పుకోదు. అందుకే ఒకరు 112-2 అనీ, మరొకరు కింది గీతతో 112_2 అనీ పెడతారు. నడుమ ? పెట్టి 112?2 అని వెతికితే రెండూ వస్తాయి. కాకపోతే 11252 కూడా వస్తుంది. లోపలి రాతలో మాత్రం గీత అలాగే ఉంటుంది కాబట్టి, భూ రికార్డుల సైటు ‘మీభూమి’ నుంచి దింపుకున్న అడంగలును పాఠంతో వెతికేటప్పుడు 112/2 అనే అడగాలి.

తేదీ షరతు ఒక్కోసారి మోసం చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన కాగితానికి కంప్యూటరు చూపే తేదీ అది చేరిన రోజుదే, అసలు కాగితానిది కాదు. ఆండ్రాయిడ్ ఫోనులోని వాట్సాప్ ఫొటో పేరులో ‘ఐఎంజీ’ తరవాత సంవత్సరం, నెల, రోజు ఎనిమిది అంకెలుగా ఉంటాయి. పేరులో 202305 ఉన్నవి అడిగితే 2023 మే నెలలో, అంటే మామిడి కోతలు జోరుగా ఉండే రోజుల్లో వచ్చిన కాటా చీటీల ఫొటోలన్నీ ఒక్కచోట చేరతాయి.

స్కాన్ చేసిన పాత దస్తావేజుల పీడీఎఫ్‌లో పాఠం ఉండదు, పేజీ బొమ్మ ఒక్కటే ఉంటుంది. అచ్చు అక్షరాలైతే టెస్సరాక్ట్ వంటి ఓసీఆర్ పనిముట్లు తెలుగు చదివి, బొమ్మ వెనక పాఠాన్ని చేరుస్తాయి. అప్పుడు పీడీఎఫ్ లోపలి పాఠాన్ని చదవగల వెతుకులాట పనిముట్లకు కొంతైనా పాఠం దొరుకుతుంది. గొలుసుకట్టు చేతిరాత దస్తావేజులకు ఫైలు పేరు మీదే ఆధారపడడం మంచిది. వాటికి ఊరు, సర్వే నంబరు, ఆపైన సంవత్సరం-నెల-రోజు వరసలో తేదీ పేరులోనే పెట్టుకుంటే పేర్ల వరసలోనే ఒక్కో సర్వే నంబరు కాగితాల కాలక్రమం కూడా కుదురుతుంది.