కోఠీ రెసిడెన్సీ భవనము

హైదరాబాదునకు పోయివచ్చు మనవారిలో కోఠీ యను పేరు విననివారు అరుదు. బస్సు దిగుటకో, పాతపుస్తకముల దుకాణములు వెదకుటకో అచ్చటికి పోవుచునే యుందురు. కాని ఆ పేటకు ఆ పేరు తెచ్చిన కోఠీని, అనగా మూసీనది ఉత్తరపు గట్టుననున్న పాత రెసిడెన్సీ భవనమును, లోనికి పోయి చూచినవారు కొలదిమందియే.

1798లో నిజాము అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. 1800లో ఆ సైన్యపు ఖర్చు క్రింద బళ్ళారి, కడప మున్నగు సీమలను కంపెనీకి వదలుకొనెను. నేటి రాయలసీమకు దత్తమండలములను పేరు వచ్చినది అందువలననే. ఈ సంధులను నడపిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ తన నివాసమునకు భవనము కావలెనని నిజామును కోరెను. పెద్ద పటముపై స్థలము చూపగా నిజాము నిరాకరించెననియు, అదే స్థలమును చిన్న కాగితముపై గీసి చూపగా వెంటనే ఒప్పుకొనెననియు ఒక కథ కలదు. వినుటకు నవ్వు వచ్చును. కాని కట్టుబడి ఖర్చు సయితము నిజాము ఖజానాయే భరించెను. ఆ ఖజానా నిండినది రైతుల శిస్తుతో గదా!

సామ్యుయల్ రస్సెలను ఇంజనీరు నక్షా గీయగా, 1803 ప్రాంతమున పని సాగెను. ముందు ఆరు మహాస్తంభములు, మెట్లకిరుప్రక్కల సింహములు, లోపల విశాలమైన దర్బారు హాలు. కట్టించినవానికి మాత్రము అందు చిరకాలము నివసించు యోగము లేకపోయెను. 1805 అక్టోబరులో అతడు కలకత్తాలో మరణించెను.

అతని భార్య ఖైరున్నీసా బేగము హైదరాబాదులోని గొప్ప కుటుంబమున పుట్టినది. ఆమె ఘోషాలో నుండెడిది గనుక భవనమునకు వెనుక రంగమహలను అంతఃపురము వేరుగా కట్టించిరి. ముందుభాగము చూడ వీలులేని ఆమెకొరకే తోటలో భవనపు చిన్న నమూనా నిర్మింపబడెనని చెప్పుదురు. 1805లోనే ఆమె బిడ్డలనిద్దరిని ఇంగ్లండుకు పంపివైచిరి. కొడుకునకు నాలుగేండ్లు, కూతునకు మూడేండ్లు. ఆ తల్లి వారిని మరల చూడలేదు, 1813లో కన్నుమూసెను. రంగమహలు తరువాతి కాలమున కూల్చివేయబడెను. రెసిడెంట్ల పేర్లు వరుసగా అప్పగించు చరిత్రకారులు ఈమెను ఒక్క వాక్యముతో దాటిపోవుట నాకు న్యాయముగా తోచదు.

ఆ రెసిడెంట్లు ఒకరి వెనుక నొకరుగా వచ్చిపోయిరి. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వమున రోహిల్లాలు ఈ భవనముపై దాడి వెడలిరి. ఫిరంగుల ముందు నిలువలేకపోయిరి. మౌల్వీని అండమానునకు పంపిరి. తుర్రేబాజ్ ఖాను చెరనుండి తప్పించుకొని, 1859లో తూప్రాను సమీపమున చంపబడెను.

భవనము చుట్టునున్న రెసిడెన్సీ బజారులు 1933లో నిజామునకు తిరిగివచ్చి సుల్తాన్ బజారు అను పేరు పొందెను. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని ఆ పేటయందే కలదు. గ్రంథాలయాభిమానులు కోఠీకి పోయినపుడు దానిని చూడక రారాదు.

1947లో ఆంగ్లేయుల పాలనతో రెసిడెంటు పదవియు ముగిసెను. 1924లో స్థాపితమైన మహిళా కళాశాల 1949లో ఈ భవనమునకు తరలివచ్చెను. అంతట సింహముల నడుమనున్న మెట్లెక్కి బాలికలు పుస్తకములతో తరగతులకు పోజొచ్చిరి. 2022లో కళాశాల మహిళా విశ్వవిద్యాలయమాయెను. 2024లో దానికి, విసునూరు దేశముఖు నెదిరించి తన సాగుభూమిని నిలుపుకొనిన పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు పెట్టబడినది.