సింగరేణి బొగ్గు: టన్ను మీద సర్కారుకు ఎంత? బొగ్గు బెల్టులో మరణాల లెక్క ఎక్కడ?

రామగుండం, గోదావరిఖనిలో గని నుంచి బయటికొచ్చే ప్రతి టన్ను బొగ్గుకూ తూకం ఉంటుంది, బిల్లు ఉంటుంది, ఆ బిల్లులో సర్కారు వాటా ఉంటుంది. అదే గనిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన కార్మికుడు ఇంట్లో చనిపోతే, దేనివల్ల పోయాడన్నది చాలాసార్లు ఏ లెక్కలోకీ రాదు. ఈ రెండు లెక్కలూ ఎలా నడుస్తాయో చూద్దాం.

రాయల్టీ పన్ను కాదు

తెలంగాణ సొంత పన్నుల్లో పెద్దవి జీఎస్టీ, పెట్రోల్-డీజిల్-మద్యంపై వ్యాట్, ఎక్సైజ్, స్టాంపులు-రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. బొగ్గు రాయల్టీ ఈ లిస్టులో ఉండదు. అది పన్నేతర ఆదాయం. రాయల్టీ పన్ను కాదని 2024 జులై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 8-1 మెజారిటీతో తేల్చింది. ఖనిజ హక్కులపై రాష్ట్రాలు విడిగా పన్ను వేసుకోవచ్చని కూడా చెప్పింది.

బొగ్గు రాయల్టీ ధరలో 14 శాతం. లెక్క కోసం టన్ను ధర 3,000 రూపాయలు అనుకుంటే రాయల్టీ 420. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నా, రాయల్టీ మాత్రం రాష్ట్ర ఖజానాకే. దీనికి తోడు జిల్లా ఖనిజ నిధి, అంటే డీఎంఎఫ్. 2015కు ముందు నాటి పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, ఆ టన్నుపై 126 రూపాయలు. ఈ డబ్బు గనుల ప్రభావం ఉన్న ఊళ్లకే ఖర్చు పెట్టాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికి మొదటి ప్రాధాన్యం.

జీఎస్టీ కథ వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి బొగ్గుపై 5 శాతం కాస్తా 18 శాతమైంది, టన్నుకు 400 రూపాయల పరిహార సెస్ పోయింది. బొగ్గు రాష్ట్రంలోనే అమ్ముడైతే జీఎస్టీలో సగం రాష్ట్రానిది. అదే కర్ణాటకకో మహారాష్ట్రకో పోతే రాష్ట్ర వాటా అక్కడికే పోతుంది. దుమ్ము మాత్రం ఇక్కడే ఉంటుంది!

ప్రమాదమైతే లెక్క పక్కా

గనిలో ప్రమాదం జరిగి కార్మికుడు చనిపోతే గనుల భద్రత డైరెక్టరేట్‌కు (డీజీఎంఎస్) వెంటనే సమాచారం ఇవ్వాలి, విచారణ జరగాలి. 1952 గనుల చట్టం పెట్టిన పద్ధతి ఇది. అందుకే 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయిన ఘటనైనా, 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయిన ఘటనైనా రికార్డుల్లో ఉన్నాయి.

అసలు చిక్కు నెమ్మదిగా చంపే జబ్బులతో. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే న్యుమోకోనియోసిస్ బయటపడటానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి కార్మికుడు రిటైరై ఉంటాడు. ఇంట్లో చనిపోతే కుటుంబం 21 రోజుల్లో మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో నమోదు చేయిస్తుంది. చివరి రోజుల్లో చూసిన డాక్టర్ ఫారం 4ఏ రాసిస్తేనే కారణం వైద్యపరంగా ఖరారైనట్టు. దేశం మొత్తంమీద 2020లో నమోదైన మరణాల్లో డాక్టర్ కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

ఆస్పత్రిలో పోయినా తిప్పలు తప్పవు. 'గుండె ఆగి' అని రాసి ఊరుకుంటారు. గుండె అందరికీ ఆగుతుంది, ఎందుకు ఆగిందన్నది కావాలి. చావు ఎలా వచ్చిందో కాదు, దానికి మూలమైన జబ్బేంటో రాయాలని ఫారంలోనే ఉంటుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో మరణాల లెక్కలు వారం వారం వస్తాయి. మన దగ్గర మరణ కారణాల నివేదిక ఏడాదికొకటి, అదీ ఏళ్ల ఆలస్యంతో. వారానికోసారి వచ్చేది అంటువ్యాధుల నిఘా విభాగం సమాచారమే. దుమ్ము జబ్బులు అందులోకి రావు. దీంతో డీఎంఎఫ్ ఆరోగ్య నిధులు ఏ వాడలో, ఏ జబ్బుకు ముందు పెట్టాలో చెప్పే మరణాల లెక్క చేతిలో ఉండదు.

కుటుంబాలకు పనికొచ్చే విషయం ఇంకొకటుంది. మున్సిపాలిటీ ఇచ్చే డెత్ సర్టిఫికెట్‌పై మరణ కారణం ఉండదు, చట్టమే వద్దంటుంది. కారణం ఉండేది డాక్టర్ ఇచ్చే పత్రంలో. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆస్పత్రి ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా ఆ పత్రం కాపీని దగ్గరి బంధువుకు ఇవ్వాల్సిందే.