ఇటుక బట్టీల వాయు కాలుష్యం – నివారణ మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

ఇటుకల ఉత్పత్తిలో చైనా తరువాత ప్రపంచంలో ద్వితీయ స్థానం భారతదేశానిదే. వర్షాకాలం ముగిసిన తరువాత ప్రారంభమై తొలకరి వరకు కొనసాగే ఈ పరిశ్రమ లక్షలాది గ్రామీణ, వలస కార్మికులకు జీవనాధారం. అయితే బట్టీల నుండి వెలువడే పొగ, మసి, బూడిద మొట్టమొదట బాధించేది ఆ కార్మికులనూ, బట్టీల పక్కనే పాకలలో నివసించే వారి పిల్లలనూ, సమీప గ్రామాల ప్రజలనూ.

పొగకు కారణం

బట్టీ నుండి లేచే నల్లని పొగ పూర్తిగా కాలని ఇంధనమే. 1876లో బ్రిటిష్ ఇంజనీరు బుల్ రూపొందించిన ట్రెంచ్ బట్టీలో ఇటుకలను తిన్నని వరుసలలో పేర్చి, బొగ్గును కొంత వ్యవధికొకసారి పెద్ద మొత్తంలో వేస్తారు. ఆ సమయంలో గాలి చాలక బొగ్గు సగమే కాలి, సూక్ష్మ ధూళి కణాలు, నల్ల కర్బనం, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. తెలుగు రాష్ట్రాలలో చిన్న ఉత్పత్తిదారులు పచ్చి ఇటుకలను గుట్టగా పేర్చి ఊక, కట్టెలు, బొగ్గుతో కాల్చే ఆవములకు చిమ్నీ ఉండదు. వాటి వేడి నాలుగు వైపులా వృథా కాగా, పొగ నేలమట్టంలోనే వ్యాపిస్తుంది.

జిగ్‌జాగ్ విధానం

ఇటుకలను వంకరటింకర మార్గం ఏర్పడేలా పేర్చడం వలన గాలి అధిక దూరం ప్రయాణించి ఇంధనంతో బాగుగా కలుస్తుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ 1970 దశకంలోనే ఈ తరహా బట్టీని దేశంలో ప్రవేశపెట్టింది. సక్రమంగా నిర్వహించిన పక్షంలో బొగ్గు వినియోగం సుమారు 20 శాతం తగ్గుతుంది; మొదటి రకం ఇటుకల పాలు పెరుగుతుంది.

అయితే పేర్పు మార్చినంత మాత్రాన ఫలితం చేకూరదు. బంగ్లాదేశ్‌లో 276 జిగ్‌జాగ్ బట్టీలపై జరిపి 2025లో ప్రకటించిన అధ్యయనంలో, మెరుగైన పేర్పు, ఇంధనాన్ని కొద్దికొద్దిగా వేయడం వంటి పద్ధతులను పాటించిన బట్టీలలో ఇంధన వినియోగం 23 శాతం తగ్గినట్లు వెల్లడైంది. బొగ్గు వేసే కార్మికునికి ఇచ్చే శిక్షణ కట్టడం మార్పుతో సమానంగా ముఖ్యమని దీనివలన స్పష్టమవుతున్నది.

నిబంధనలు

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ 2022 ఫిబ్రవరి 22న జారీ చేసిన నోటిఫికేషన్‌లోని ముఖ్యాంశాలు:

1. చిమ్నీ నుండి వెలువడే ధూళి కణాల పరిమితి ఘనపు మీటరుకు 250 మిల్లీగ్రాములు.

2. కొత్త బట్టీలను జిగ్‌జాగ్ లేదా వర్టికల్ షాఫ్ట్ పద్ధతిలో, లేదా పైపుల ద్వారా సరఫరా అయ్యే సహజవాయువును ఇంధనంగా వాడే విధంగా మాత్రమే నెలకొల్పాలి.

3. పాత బట్టీల మార్పిడికి, వాయు నాణ్యతా ప్రమాణాలు అందుకోని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవాటికి ఒక సంవత్సరం, ఇతర ప్రాంతాలలో రెండు సంవత్సరాల గడువు నిర్దేశించడం జరిగింది.

4. పెట్ కోక్, టైర్లు, ప్లాస్టిక్, ప్రమాదకర వ్యర్థాలను ఇంధనంగా వాడరాదు.

5. నివాస ప్రాంతాలకు, పండ్ల తోటలకు కనీసం 800 మీటర్ల దూరం పాటించాలి.

కాల్చనవసరం లేని ఇటుకలు

విశాఖపట్నంలో రూపొందిన ఫాల్-జి పరిజ్ఞానంతో థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుకలను తయారు చేయవచ్చు. నీటితో తడిపి గట్టిపరిచే ఈ ఇటుకలకు బట్టీ అవసరం లేదు. సారవంతమైన పైమట్టి కూడా ఆదా అవుతుంది.

తనిఖీలో గమనించవలసినవి

చిమ్నీ ఎత్తు పొగను దూరంగా చెదరగొట్టగలదే గాని తగ్గించలేదు. కావున అధికారులు బొగ్గు వేసే సమయంలో పొగ రంగును, బొగ్గు వేసే మోతాదును, గోడల పగుళ్లను, ఇంధనం రకాన్ని పరిశీలించడం అవసరం. పొగ తగ్గితే బొగ్గు ఖర్చు తగ్గుతుందన్న వాస్తవాన్ని యజమానులు గ్రహించిన నాడు కార్మికుల ఆరోగ్యానికీ, పరిశ్రమ మనుగడకూ సమానంగా మేలు చేకూరుతుంది.