లవంగము వచ్చిన రేవు

అపరాత్రివేళ పన్ను పోటెత్తినపుడు నెల్లూరు తీరపు పల్లెలలో గృహిణి చేయి మొదట పోవునది పోపులపెట్టె మీదికే. ఒక లవంగమును నలిపి పిప్పిపంట నుంచి, వెచ్చని ఉప్పునీటితో పుక్కిలింపజేసి, తెల్లవారువరకు ఓర్చుకొమ్మని చెప్పుట పరిపాటి. ఇందు ఉప్పు ఈ సీమదే. ఇసకపల్లి కొఠారులు అందుకు వాసికెక్కినవి. లవంగము మాత్రము ఇచ్చటి మన్నున మొలచునది కాదు, దాని పుట్టినిల్లు తూర్పు సముద్రమున కావలనున్న మొలక్కా దీవులు.

నోటికి పరిమళము గూర్చు ద్రవ్యములలో చరకసంహిత లవంగమును పేర్కొన్నది గనుక, ఆ సరకు మన దేశమునకు ప్రాచీనకాలముననే చేరెననుట స్పష్టము. అయినను పదునేడవ శతాబ్దమున దాని బేరము డచ్చివారి వశమయ్యెను. 1610లో ప్రళయకావేరి చెంత స్థావర మేర్పరచుకొని, పిమ్మట గెల్డ్రియా కోటను గట్టిన ఆ వర్తకులు, ఈ తీరమున నేసిన బట్టల నోడల కెత్తి మొలక్కాలకు గొనిపోయి, వానికి మారుగా లవంగములను గైకొనుచుండిరి. బేరమంతయు తమ చేతిలోనే యుండవలెనను దురాశతో ఆంబోయినా పరిసరములందు దక్క తక్కిన దీవులలోని లవంగపు చెట్లను నరికించిరి. మన అవ్వలు పంటిక్రింద నుంచిన ఆ చిన్న మొగ్గ వెనుక ఇంత దారుణము గలదు!

పంటిని పురుగు తొలుచునని సుశ్రుతుని కాలమునుండియు నమ్మకము. కృమిదంతమని ఆయన దానిని పేర్కొనెను. వాకుడు గింజలను నిప్పులపై వేసి ఆ పొగను నోటికి పట్టుట ఆ నమ్మకము నుండి పుట్టినదే. ఐరోపాలో సైతము 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు ఫౌషార్ కాదని వ్రాయువరకు పండితులనేకులు ఆ పురుగును విడువలేదు గనుక, మన పల్లెవాండ్రను చూచి నవ్వ పనిలేదు.

తరువాత సీసా మందుల కాలము వచ్చెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో ఆరంభించిన అమృతాంజనము 1914లో మద్రాసునకు తరలెను. మద్రాసు అంగళ్ళ సరకు ఈ పల్లెలకు చేరు దారులలో నాడు బకింగ్‌హాం కాలువ ముఖ్యమైనది. తలనొప్పికై పుట్టిన ఆ లేపనమును చెంపకు రాచి పన్నుపోటు మరచుటకు యత్నించినవారు కొల్లలు. 1899లో బేయరు సంస్థ విపణికి దెచ్చిన ఆస్పిరిను బిళ్ళను మ్రింగుటకు మారుగా చిగురుపై నదిమిపట్టు వాడుక మాత్రము హానికరము. అది చిగురును కాల్చి పుండు చేయును. లవంగతైలమునకును మితము గలదు, దూదిపై ఒక్క బొట్టు చాలును. నొప్పిని మొద్దుబార్చు గుణము అందలి యూజినాలుది. నేటి దంతవైద్యుడు పిప్పిపంటిని తాత్కాలికముగా పూడ్చుటకు జింకు ఆక్సైడుతో కలుపునది ఆ యూజినాలునే.